కల్లంలో చేసిన ప్రార్థన

పోయిన ఎండాకాలం గార్ల దగ్గర మా కల్లంలో మిరపకాయలు ఆరబోసి ఉండగా ఆకాశం నల్లబడింది. నేల మీద రాళ్లు గుచ్చుకుంటాయని, పక్కనే ఉన్న నీలం టార్పాలిన్ పరదాను నాలుగు మడతలు పెట్టి, దాని మీద మోకరించి కళ్లు మూసుకున్నాను.

"ప్రభువా, ఈ వాన మా కల్లం దాటి గంగారం అడవుల మీద కురవాలి" అని గట్టిగా ప్రార్థించాను. నా ప్రార్థనల్లో దేవుడికి ఆలోచించే పనే ఉండదు, అన్నీ నేనే నిర్ణయించి పెడతాను. అంతకుముందు వారం మా బర్రెకు పెయ్యదూడే పుట్టాలని, దానికి నుదుట తెల్లమచ్చ కూడా ఉండాలని అడిగాను.

రంగు పోయిన తాలుకాయలు ఏరుతున్న మా అమ్మకు ఒళ్లు మండింది. "ఎప్పుడు జూడు గిది గావాలె, గది గావాలె! జర బుద్ధియ్యమని అడగరాదురా?" అంది.

నాకు రోషం వచ్చింది. బుద్ధికి నాకేం తక్కువ? కానీ మెడ మీద చినుకు పడేసరికి గొంతు మారింది. "ప్రభువా, ఏం చేయాలో తెలియడం లేదు. జ్ఞానం దయచేయి" అని ఏడుపుగొంతుతో మొదలుపెట్టాను.

"మోకాళ్ల కింద పరదా బెట్టుకొని ఏం జెయ్యాల్నంటవేందిరా! లే, కాయల మీద కప్పు!" అని అమ్మ అరిచింది.

నా ఏ ప్రార్థనకూ ఇంత త్వరగా జవాబు రాలేదు. ఇద్దరం చెరో కొస పట్టుకుని పరుగెత్తి కప్పాం. ఆ హడావుడిలో ఆమెన్ అనడం మరిచిపోయాను. ఇప్పటికీ అనలేదు. జ్ఞానం ఇక చాలని ఆ ప్రార్థన ముగించేంత ధైర్యం నాకింకా రాలేదు.