జీఎం సార్ సీసాను నేను రిజెక్ట్ చేసిన రోజు

అందరు అడుగుతనే ఉన్నరు గద, పదిహేడేండ్ల సర్వీసు పెట్టుకొని క్యూసీ మేనేజరు పోస్టు ఎట్ల పోగొట్టుకున్నవు నర్సింలు అని. చెప్త. మీరు చాయ్ తాగుండ్రి, మధ్యల మాత్రం నవ్వకుండ్రి. మీకు నవ్వు వస్తది, నాకైతే ఇంకా కడుపుల మండుతనే ఉన్నది.

నేను పని చేసేది పాశమైలారంల, మందుల ముడిసరుకు తయారు చేసే బల్క్ డ్రగ్ కంపెనీల, క్వాలిటీ కంట్రోల్ ల్యాబు. వచ్చే సరుకైనా పోయే సరుకైనా మా సంతకం లేంది గేటు దాటది. మిషన్లు శానా ఉన్నయి గాని, ల్యాబుల నా ముక్కుకు ఒక పేరున్నది. డ్రమ్ము మూత తీస్తే చాలు, లోపల ఏమున్నదో చెప్పేస్త. సేఫ్టీవాళ్లు చూస్తే తిడతరు, అది వేరే ముచ్చట. ఇది చదువుతోని వచ్చిన విద్య కాదు. మాది గుమ్మడిదల కాడ ఊరు. పెద్ద వాన పడ్డదంటే వాగుల ఏ దిక్కు కంపెనీ ఏం వదిలిందో మా దిక్కు ఎవరిని అడిగినా వాసన పట్టి చెప్తరు. బతుకే నేర్పింది.

మా పాత మేనేజరు వేరే కంపెనీకి పోయిండు. ఆ కుర్చీకి మిగిలింది ఇద్దరం, నేను, ప్రదీప్. ప్రదీప్ వచ్చి మూడేండ్లయింది, హైదరాబాద్ మనిషి. అన్నా అన్నా అనుకుంటనే నన్ను దాటుకుంట పోతడు. ఎవరి పేరు పైకి పంపాల్నో జీఎం సార్ చేతుల ఉన్నది. ఆయన వచ్చే నెల రిటైరయితున్నడు. ఆదివారం మధ్యాహ్నం భోజనానికి రమ్మని ఇద్దర్నీ తన ఫ్లాటుకు పిలిచిండు. అది భోజనం కాదు, ఇంటర్వ్యూ అని మా ఇంటామె పద్మకు గూడ అర్థమైంది. అంగీ ఇస్త్రీ చేసి ఇచ్చింది. ఎక్కువ మాట్లాడకు అని చెప్పింది. ఆ ఒక్క మాట విన్నా బాగుపడుదును.

సార్‌కు విదేశీ విస్కీల షౌకు. అద్దాల బీరువాల వరుసగ పెట్టిండు. నాకు తెల్సిన తాగుడేందంటే దసరాకు కల్లు, దావత్‌ల ఎవరేది పోస్తే అది. నిండుగ నీళ్లు కలుపుకొని, మిక్చర్ నోట్లె ఏసుకొని, గుటుక్కున మింగుడు. అక్కడేమో నీళ్లు ముట్టొద్దట. మొగ్గ లెక్క ఉన్న గ్లాసుల రెండు చుక్కలు పోసి, తిప్పి, వాసన చూసి, కండ్లు మూసుకోవాలె. ప్రదీప్ మూసుకున్నడు. నేను గూడ మూసుకొని, ప్రదీప్ ఎప్పుడు తెరుస్తడా అని ఒక కన్నుతోని చూస్తున్న.

రెండు సీసాలు అట్ల గడిచినయి. మూడోదాన్ని సార్ చంటిపిల్లను ఎత్తుకొచ్చినట్టు తెచ్చిండు. స్కాట్‌లాండ్ కాడ ఏదో దీవిల చేసిందట, మళ్ల దొరకదట. రిటైర్మెంటుకు తెరుద్దామని ఎనిమిదేండ్లు దాచిండట. ధర ఆయన చెప్పలే, నేను అడగలే. మూత తీసిండు.

వాసన టేబుల్ దాటొచ్చి నన్ను తాకింది. ఫినాల్. ఎన్కనే అయోడిన్. ఆ తర్వాత మసి. మా ల్యాబుల గిట్లాంటి వాసన వస్తే డ్రమ్ముకు ఎర్ర స్టిక్కరు అంటించి పక్కకు పెడతం. మీద అసలు లేబుల్, లోపల ఎవడో నింపిన సరుకు, ఇట్లాంటి సీసాల కథలు మనం ఎన్ని విన్లే? సార్ గ్లాసు పెదవుల దాక పోయింది. నేను లేసి గుంజుకున్న.

"తాగకుండ్రి సార్. దీంట్ల ఫినాల్ కలిసింది, విషమిది."

సార్ పరేషానయిండు. అన్నా, జెర ఆగు అని ప్రదీప్ అంటనే ఉన్నడు. నేను ఆగితే గద. పదిహేడేండ్ల సంది దొరకని మోకా దొరికింది, సార్ పానం కాపాడుతున్న. సీసా పట్టుకొని సీదా వంటింట్లకు పోయి సింకుల బోర్లిచ్చిన. ఒక్క చుక్క మిగల్చలే. పైపులు ఖరాబు కావొద్దని మీదికెళ్లి నల్లా గూడ ఇప్పిన. చేతులు తుడుచుకుంట వాపస్ వచ్చి నిలబడ్డ. సార్ లేసి అలాయ్ బలాయ్ ఇస్తడనుకున్న.

సార్ లేవలే. ప్రదీప్ ఆ సీసా డబ్బా తిప్పి, ఎన్క రాసింది మెల్లగ చదివి వినిపించిండు. బురద నేలల మట్టిగడ్డలు తవ్వి, కాల్చి, ఆ పొగ బార్లీ గింజలకు పట్టిచ్చి చేస్తరట. ఆస్పత్రి కట్టు వాసన, అయోడిన్ వాసన, తారు వాసన వస్తయట. అవి లోపాలు కాదు, దాని గొప్పలట. వాటికోసమే జనం ఎగబడి కొంటరట. మా ఊరి వాగుల అదే వాసన ఫుకట్‌ల వస్తది, దరఖాస్తులు ఇచ్చి ఇచ్చి అలిసిపోయినం, ఒక్కడు మెచ్చుకున్న పాపాన పోలే.

సార్ ఖాళీ సీసాకు మూత పెట్టి, పోనీలే అన్నడు. ఆ పోనీలే కంటే రెండు చెంపదెబ్బలు నయం.

భోజనానికి ముందు క్రాఫ్ట్ బీరు తీసిండు. ఏదో బ్రూవరీల పెద్ద సీసాల నింపిచ్చుకొచ్చిండట. నల్లగ, చిక్కగ ఉన్నది. మామూలు బీరుకు రెండింతలు ఎక్కుతది, జాగ్రత్త అన్నడు. ముక్కు కాడికి తెచ్చుకున్న. పులిసిన గంజి. నోట్లె పోసుకున్న. వట్టి సిర్కా పులుపు, దాని మీద చేదు. ఇది పాడైందని నా ముక్కు మొత్తుకుంటనే ఉన్నది. నోర్మూసుకో అని ముక్కుకు చెప్పిన. నీ మాట విని ఇప్పటికే సగం కొంప ముంచుకున్న, పెద్దోళ్ల బీర్లు గిట్లనే ఉంటయేమో అనుకున్న.

సార్ ఇంకా తన గ్లాసు ముట్టలే. "ఎలా ఉంది నర్సింలూ?" అని అడిగిండు.

"ఫస్ట్ క్లాస్ సార్. ఇట్లాంటిది జిందగీల తాగలే."

ఒట్టిగ అంటే నమ్ముతడా? గ్లాసు ఖాళీ చేసి చూపిచ్చిన. రెండోది పోస్తే అది గూడ తాగిన. కుర్చీ మెల్లగ తిరుగుడు మొదలుపెట్టింది. మూడోది నేనే అడిగి పోయించుకున్న.

ప్రదీప్ ఒక్క గుక్క తాగి గ్లాసు పక్కకు పెట్టిండు. సార్, ఏమనుకోవద్దు, ఇది పాడైంది అన్నడు. సార్ నోట్లె పోసుకొని, లేసి పోయి అదే సింకుల ఉమ్మేసి వచ్చిండు. తెచ్చి రెండు వారాలైందట, మధ్యల ఫ్రిజ్ ఖరాబై ఒక రోజంతా బందున్నదట. ఇద్దరు నా దిక్కు చూసిండ్రు. మూడో గ్లాసు నా చేతులనే ఉన్నది, సగమైంది.

అన్నం ఏం తిన్ననో యాది లేదు. పోయేటప్పుడు సార్ లిఫ్టు దాక వచ్చిండు. గొంతు పెంచలే.

"విస్కీ పారబోసినందుకు నాకు కోపం లేదు నర్సింలూ. నీకు ఏ వాసన వచ్చిందో అదే చెప్పావు. బీరు దగ్గర మాత్రం నాకు ఏది నచ్చుతుందో అది చెప్పావు. రేపు ఆ కుర్చీలో కూర్చుని సంతకం కూడా అలాగే పెడితే?"

సిగ్గుతోని సచ్చిపోయిన. పదిహేడేండ్లల నేను ఒక్క తప్పుడు సంతకం పెట్టలే. నిజం. నెత్తి మీద కూసొని పాస్ చెయ్యమన్నోళ్లకు గూడ చెయ్యలే. ఆ ముక్క చెప్పాలనే అనుకున్న. గాని నోరు తెరిస్తే మాట కంటే ముందు బీరు బయటికొచ్చేటట్టున్నది. తల ఊపి లిఫ్టు ఎక్కిన.

మూడు రోజులు మంచానికీ బాత్రూముకూ మధ్యల షిఫ్టు చేసిన. గురువారం డ్యూటీకి పోయి సిక్ లీవు ఫారం నింపిన. కారణం అన్న కాడ కడుపునొప్పి అని రాసిన. కింద మేనేజరు సంతకం కావాలె గద, తీస్కపోయిన. ప్రదీప్ కొత్త కుర్చీల కూసొని ఉన్నడు. కూసో అన్నా అన్నడు. ఫారం చదివి, ఏమీ అడగకుండ సంతకం పెట్టిండు. మేనేజరయినంక ఆయన పెట్టిన మొదటి సంతకమట అది. తప్పు పట్టేదేమున్నది? నా కడుపు ఎందుకు నొచ్చిందో మా కంపెనీల ఆయనకు తెల్సినంత మంచిగ ఇంకెవరికీ తెల్వదు.