పాడని పాటకు మెచ్చుకోలు

మొన్న ఆదివారం పొద్దున మా కోడలు కాఫీతో పాటు జిల్లా పేపరు తెచ్చి నా ముందు పెట్టి, "మావయ్య గారూ, ఇందులో మీ మేనత్త గారి గురించి పడిందండీ" అంది. కళ్లజోడు తుడుచుకుని చూశాను. బెజవాడ రేడియో తొలిరోజుల గురించి అరపేజీ వ్యాసం. అందులో ఒక మూల, కోనసీమ నుంచి వెళ్లి రేడియోలో పాడిన ఆడవాళ్లలో ముక్తేశ్వరం ఆవిడ ఒకరనీ, ఆమె గానం "శ్రోతలను ఆనందసాగరంలో ఓలలాడించింది" అని అప్పటి అమలాపురం వారపత్రిక మెచ్చుకుందనీ ఉంది. కాఫీ చల్లారిపోయింది. ఆ వాక్యం నాకు కొత్త కాదు, నా చేత్తో నేను పేర్చిందే. అయితే ఆ సాయంత్రం మా మేనత్త పాడలేదు. ఒక్క ముక్క కూడా పాడలేదు.

ఊరుకోలేక పేపరాఫీసుకి ఫోన్ చేయించాను. ఎవరో ఉపసంపాదకుడు మర్యాదగానే మాట్లాడాడు. "ఆవిడ పాడలేదనడానికి ఆధారం ఏవన్నా ఉందాండీ మీ దగ్గర?" అన్నాడు. "పాడని పాటకి ఆధారం ఎక్కణ్ణించి తెమ్మంటావయ్యా?" అన్నాను. "పాడేరనడానికి మా దగ్గరుందండీ, పాత పేపరు" అన్నాడాయన. ఫోను పెట్టేశాను. ఎనభై దాటాక నేను పేర్చిన అక్షరాలే నా మీద సాక్ష్యానికి వచ్చాయి.

ఆ అమలాపురం వారపత్రిక మా పెదనాన్న గారిది. నేను బడికి వెళ్లింది మూడో తరగతి దాకానే. మిగిలిన చదువంతా ఆయన ప్రెస్సులో, సీసం అక్షరాల అరల ముందు నిలబడి, అద్దంలో బొమ్మలా తిరగబడిన అక్షరాల్లో నేర్చుకున్నదే. స్వరాజ్యం వచ్చిన మూడు నాలుగేళ్లకి, ఇరవై దాటిన వయసులో, ఆ ప్రెస్సుకి అక్షరాలు పేర్చే కంపోజిటర్ని నేనే, ట్రెడిల్ అచ్చుయంత్రం కాలితో తొక్కేవాణ్ణీ నేనే. పత్రికలో అన్నిటికన్నా గిరాకీ ఉన్న శీర్షిక "పట్నం గాలి". బెజవాడ రేడియోలో ఆ వారం ఎవరు పాడారు, ఎవరు ప్రసంగించారు, ఎవరి వీణ ఎలా పలికింది, ఇవన్నీ అందులో ఉండేవి. అమలాపురంలో రేడియోలు చేతివేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. రేడియో లేనివాళ్లకి ఆ శీర్షికే రేడియో. శుక్రవారం పేపరు చదివి శనివారం సంతలో, "మొన్నటి వీణ విన్నారాండీ, ఆఖర్న కాస్త తొందరపడ్డాడు" అని మాట్లాడుకునేవాళ్లని నేను చెవులారా విన్నాను. వాళ్లింట్లో రేడియో కాదు కదా, గోడ గడియారం కూడా ఉండేది కాదు.

ఇందులో కిటుకు ఏమిటంటే, మా పెదనాన్న గారు పాట వినకుండానే మెచ్చుకోలు రాసేవారు. రేడియో వాళ్ల కార్యక్రమాల పుస్తకం పదిహేను రోజులు ముందే టపాలో వచ్చేది. పత్రిక గురువారం మధ్యాహ్నం అచ్చయి, శుక్రవారం తొలి బస్సుకి రాజోలు, కొత్తపేట వెళ్లాలి. గురువారం సాయంత్రం పాట గురించి పై వారం రాస్తే పాచిపోతుందని ఆయన భయం. అందుకని ముందే రాసేసేవారు. అంతకన్నా విడ్డూరం, ఆ మెచ్చుకోళ్లు నేను ప్రతివారం కొత్తగా పేర్చక్కర్లేదు. గాత్రానికొకటి, వీణకొకటి, ప్రసంగానికొకటి, మూడు వాక్యాలు పురికొసతో కట్టి చెక్కమీద ఎప్పుడూ సిద్ధంగా ఉండేవి. పేరు మార్చి పేజీలోకి దించెయ్యడమే. మొదటిసారి అది చూసి నేను నిర్ఘాంతపోయాను.

"ఇంకా పాడలేదు కదండీ పెదనాన్నా?" అన్నాను.

"పంతులుగారు పంచాంగం యేడాది ముందే రాయడం లేదంట్రా? గ్రహణం పట్టకుండా మానిందా ఎప్పుడన్నా?" అన్నారాయన. నిజమే కాబోలనుకున్నాను. మూడో తరగతి చదువు మరి.

మా మేనత్త ఆయనకి స్వయానా చెల్లెలు. ముక్తేశ్వరంలో కాపురం. ఆవిడ లేకుండా ఆ చుట్టుపక్కల నలుగు పెట్టేవారు కాదు, అప్పగింతలు పెట్టేవారు కాదు. ఆవిడ పెళ్లిపందిట్లో మొదటి ముక్క విసిరేది, చుట్టూ కూర్చున్న ఆడవాళ్లంతా దాన్ని అందుకునేవారు. వాళ్లు అందుకున్న తీరుని బట్టి ఆవిడ రెండోది విసిరేది. వియ్యపురాలి పట్టుచీర మీదా, పెళ్లికొడుకు బొజ్జ మీదా అప్పటికప్పుడు కట్టి పాడితే మగపెళ్లివారు కూడా పొట్ట చెక్కలయ్యేలా నవ్వేవారు. అలాంటి ఒక పెళ్లికి వచ్చిన రేడియో పెద్దమనిషి ఎవరో విని, పావుగంట పాడమని పిలుపు పంపించాడు. ఆవిడ బుధవారమే మిరియాలు, పటికబెల్లం కొంగున కట్టుకుని, మా మావయ్యని వెంటబెట్టుకుని బయల్దేరింది. సఖినేటిపల్లి రేవులో ఏరు దాటి, నర్సాపురంలో రైలెక్కింది. గురువారం మధ్యాహ్నం నేను గాత్రం వాక్యం చెక్కమీంచి తీసి ఆవిడ పేరు తగిలించాను. అన్నేళ్లలో ఆ పని సంతోషంగా చేసింది ఆ ఒక్కరోజే.

ఆ సాయంత్రం రేడియో ఉన్న వకీలు గారి వరండాలో ముప్పైమందిమి చేరాం. బయట ముసురు. రేడియో గరగరమంటోంది. ఎవరి పేరు చెప్పారో కూడా తెలియలేదు. ఆ గరగరలోంచి సన్నగా ఒక ఆడగొంతు పైకి లేచింది. "అదిగో, ఆవిడే!" అన్నారు ఎవరో. అందరం రేడియో దగ్గరికి జరిగాం. నేను ఉత్తరీయంతో కళ్లు తుడుచుకున్నాను.

శనివారం ఆవిడ అమలాపురంలో బస్సు దిగేసరికి మా పెదనాన్న గారు దండతో నిలబడ్డారు. వెనక సన్నాయి. ఆవిడ దండ వంక చూసింది, పేపరు చూసింది, తిన్నగా ప్రెస్సులోకి వచ్చి కాగితాల కట్ట మీద కూలబడింది.

"నేను పాడలేదురా" అంది నాతో.

నేను నవ్వాను, వేళాకోళం అనుకుని.

"గది తలుపులేసేసేరు. గోడలకి గోనెపట్టాల్లాంటివి కొట్టేరు. ఎదురుగా మనిషన్నవాడు లేడు. ఎర్రదీపం వెలిగింది, నోరు తెరిచేను. నేనిప్పుడు ముక్క విసిరితే అందుకునేదెవరూ అనిపించిందిరా. అంతే, గొంతు పట్టేసింది. పాపం ఆ పెద్దమనిషి ఒక్క మాటనలేదు. మంచినీళ్లిచ్చి, ఎవరిదో గ్రామఫోను ప్లేటు వేసేరు."

"మరి మేం విన్నది?"

"ఆ ప్లేటే."

నేను ఎవరి పాటకి ఏడ్చానో నాకే తెలియదు. మా మావయ్య గుమ్మంలో నిలబడి, "నన్నడక్కండి, నన్ను బయట బల్ల మీద కూర్చోబెట్టేరు" అన్నాడు. ఇంతలో వకీలు గారి భార్య పలకరించడానికి వచ్చింది. నేను పాడలేదండీ అని మా అత్త చెబితే ఆవిడ నవ్వింది. "ఆయ్, మీ గొంతు మాకు తెలీదాండీ? రెండో చరణం దగ్గర మా వారు ఏడ్చేరండి కూడా. పేపర్లోనూ పడిందాయె. ఇంత వినయం మేవెక్కడా చూళ్లేదండీ" అంది. ఆ రోజు నుంచి మా అత్త ఎంతమందితో చెప్పిందో లెక్క లేదు. చెప్పినకొద్దీ ఆవిడ వినయాన్ని మెచ్చుకున్నారు తప్ప నమ్మినవాడు లేడు. అచ్చులో పడ్డదాన్ని నోటితో చెరపలేమని ఆవిడకి తెలిసింది. అచ్చుతోనే చెరపమని అన్నగారిని అడిగింది.

"ఊళ్లో నా పేపరు మాట పోతుందమ్మడూ" అన్నారాయన.

"నీ మాట పోతుందని నా పాట పోగొడతావా అన్నయ్యా? రేపు పందిట్లో కూర్చుంటే రేడియోలో పాడిందే పాడమంటారు. ఎవరో తల్లి పాట నాదని ఎలా పాడను? ఆ దొంగపేరు పెట్టుకుని నోరెలా విప్పను? నాలుగు లైన్లు వెయ్యి. అంతే."

"సరేలే, చూద్దాం" అన్నారాయన. ఆవిడ చెబుతుంటే నేనే రాశాను. ముక్తేశ్వరం వాస్తవ్యురాలు కిందటి గురువారం రేడియోలో పాడలేదు. అక్కడ ఆమె గొంతు పెగలలేదు. మీరు విన్న పాట వేరొకరిది. ఈ సంగతి ఆమే తెలియజేయమన్నారు. గురువారం పొద్దున్నే మిగతా పనులన్నీ పక్కన పెట్టి అవి పేర్చాను. మధ్యాహ్నం పెదనాన్న గారు అచ్చుకి బిగించబోయే అక్షరాల ఫారం మీదికి వంగి చూసి, ఆ నాలుగు లైన్లూ చేత్తో ఎత్తి పక్కన పెట్టి, ఆ ఖాళీలో తలనూనె ప్రకటన దించారు.

"ఇదేంటండీ పెదనాన్నా?"

ఆయన కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. "ఒక్క వారం నిజం వేస్తే వెనకటి వారాలన్నీ అడుగుతార్రా" అన్నారు నెమ్మదిగా. తర్వాత, "తొక్కు" అన్నారు.

నేను తొక్కాను. నా కాలు నా మాట వినలేదని చెప్పుకోవచ్చు గానీ అదీ అబద్ధమే. ఆ కాలు ఆపి ఉంటే ఆయన నన్ను కొట్టేవారా, వెళ్లగొట్టేవారా? ఏదీ చెయ్యరని నాకు తెలుసు. అయినా తొక్కాను. అది తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకు పట్టరాని కోపం వస్తుంది.

శుక్రవారం మా అత్త పేపరు తెప్పించుకుని మొదటి పేజీ నుంచి చివర ప్రకటనల దాకా చదివిందట. మడిచి పక్కన పెట్టిందట. అన్నగారినీ అడగలేదు, నన్నూ అడగలేదు. ఆ మాఘంలో ముక్తేశ్వరంలోనే ఒక పెళ్లిలో, అందరూ అనుకున్నట్టే, "రేడియో పాట పాడాలండీ" అన్నారు. గొంతు నొప్పంది. ఆ నొప్పి తగ్గలేదు.

మూడేళ్లకి నా పెళ్లయింది. నలుగు దగ్గర మా అత్తవారి తరఫు ఆవిడెవరో పాట ఎత్తుకుంది. నేను పీట మీంచి తల తిప్పి చూస్తే, ఆడవాళ్ల గుంపులో వెనక వరసలో మా మేనత్త కూర్చుని ఉంది. ముక్క విసిరేది ఇంకొకరు. ఆవిడ అందరితో పాటు అందుకుంటోంది, పైకి వినపడీ వినపడకుండా. నన్ను చూసి తలూపింది, తలొంచుకో, నలుగు కళ్లల్లో పడుతుంది అన్నట్టు. తర్వాత నా బతుకులో ఎన్ని వేల శుక్రవారాలు వచ్చి వెళ్లాయో! ఆ నాలుగు లైన్లు పట్టే శుక్రవారం మాత్రం ఒక్కటే వచ్చింది, అది కాస్తా నా కాలి కిందే దాటిపోయింది.