పల్లి నూనె తాగిన తుపాకి

ముందే ఒప్పేసుకుంటున్నాను. ఈ కథలో తెలివితక్కువవాడు ఎవరా అని మీరు చివరిదాకా వెతుక్కునే పని లేదు. వాణ్ని నేనే. తుపాకి తప్పు లేదు, దాన్ని అమ్మిన పెద్దాయన తప్పు లేదు, మా చెల్లె తప్పు అసలే లేదు. ఒక ఆడపిల్ల ఏడాది కష్టాన్ని ఒక్క పూటలో పొగ చేసిన ఘనత దాదాపు మొత్తం నాదే. దాదాపు అని ఎందుకంటున్నానంటే మా బావకు అందులో చిన్న వాటా ఉంది. ఆ సంగతి ఆయన ఎక్కడా చెప్పుకోడు.

మాది అయిజ. నాకొక మోటార్ వైండింగ్ దుకాణం ఉంది. కాలిపోయిన బోరు మోటార్లకు పాత తీగ తీసేసి కొత్త రాగి తీగ చుట్టడం నా పని. మోటార్ మోసుకొచ్చిన ప్రతి రైతుకూ నేను ఉచితంగా ఇచ్చే ఉపదేశం ఒకటుండేది. తెలియనిదాంట్లో చెయ్యి పెట్టొద్దు, తయారుచేసినోడు ఏం చెప్పిండో అంతే చెయ్యండి అని. ఈ మాట రోజుకు పదిసార్లు అనేవాణ్ని. నా నోటికీ నా చెవికీ మధ్య జానెడు దూరం కూడా లేదు. అయినా ఆ మాట ఒక్కసారీ అక్కడిదాకా ప్రయాణం చేయలేదు.

మా చెల్లె శివలీల అప్పుడు గద్వాలలో డిగ్రీ ఆఖరి సంవత్సరం చదువుతోంది. కాలేజీ వాళ్ల క్యాంపులో మొదటిసారి రైఫిల్ పట్టుకుని, పట్టుకున్న రోజే నల్ల చుక్క నడిమధ్యలో కొట్టిందట. ఆ క్యాంపులో చూసిన ఒక కోచ్ సారు ఆమెను వనపర్తికి రమ్మన్నాడు. అప్పటినుంచి ప్రతి ఆదివారం సద్ది కట్టుకుని, రెండు బస్సులు మారి వనపర్తి పోవడం, ఆయన దగ్గరున్న గాలి తుపాకితో పది మీటర్ల దూరంలోని కాగితాన్ని కొట్టడం, పొద్దుగూకేలోగా ఇంటికి రావడం. దసరా తర్వాతి ఆదివారం కాలేజీ పిల్లలకు ఎంపిక పోటీ పెట్టారు. నెగ్గితే రాష్ట్ర పోటీలకు పంపుతారు. కోచ్ దగ్గరున్నవి రెండే రైఫిళ్లు, పిల్లలేమో డజను మంది. కాబట్టి పోటీనాడు ఎవరిది వాళ్లే తెచ్చుకోవాలి. డిగ్రీ అయిపోతే మళ్లీ ఆ పోటీలో నిలబడే వీల్లేదు. ఆమెకు ఉన్నది ఆ ఒక్క ఆదివారమే.

పిల్లలకు ట్యూషన్లు చెప్పి కూడబెట్టిన డబ్బు నా చేతిలో పెట్టింది. దానితోపాటు ఒక చీటీ కూడా. ఏ రకం తుపాకి కావాలో అందులో వివరంగా రాసింది. నామీద మా చెల్లెకు గురి ఎక్కువ. ఆ ఒక్క విషయంలోనే ఆమె గురి తప్పింది.

చీటీ నేను చదవలేదు. ఎందుకు చదువుతాను? అప్పటికే వారం రోజులుగా ఫోన్లో తుపాకుల వీడియోలు చూసి పండితుణ్నై కూర్చున్నాను. ఎక్కడో మంచు దేశాల్లో గడ్డాలవాళ్లు తక్కువ ధరకు, గుండు దానంతటదే ఎక్కే సెమీ ఆటోమేటిక్ స్పోర్టింగ్ రైఫిల్ ఎలా కొనాలో, విడిభాగాలు తెచ్చి ఇంట్లోనే ఎలా బిగించుకోవాలో చెబుతుంటే, మోటార్ విప్పి బిగించేవాడికి ఇదొక లెక్కా అనుకున్నాను. పాలమూరులో తుపాకులు అమ్మే దుకాణానికి పోయి, అక్కడి ముసలాయన ముందు కాలు మీద కాలు వేసుకుని, అగ్గువలో ఒక సెమీ ఆటోమేటిక్ చూపించమన్నాను. విడిభాగాలుగా ఇచ్చినా పర్వాలేదు, బిగించుకుంటానని కూడా అన్నాను.

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు. నేను మారలేదు.

“ఎవరికి బేటా?”

“మా చెల్లెకు.”

“మీ చెల్లె కాయితాన్ని కొడ్తదా, ఫౌజుల చేరుతదా?”

కాగితాన్నే అన్నాను. అయితే ఆ రకం తుపాకి మామూలువాళ్లు కొనడమే నేరమనీ, అటువంటి మాట బయట ఎక్కడా అనొద్దనీ, అన్న చోట ముందు నన్నే పట్టుకుపోతారనీ ఆయన నిదానంగా వివరించాడు. జేబులోంచి తొంగిచూస్తున్న చీటీని తనే తీసుకుని చదివి, లోపలినుంచి ఒక గాలి తుపాకి తెచ్చాడు. గొట్టాన్ని మధ్యకు విరిచి ఒక్క సీసపు గుండు పెట్టాలి, కొట్టాలి, మళ్లీ విరవాలి. లైసెన్సు అక్కర్లేదు, ఆధార్ నకలు ఇస్తే చాలు. నాకు కొంచెం చిన్నతనంగా అనిపించింది గానీ తీసుకున్నాను. పెట్టెకు తాడు కడుతూ ఆయన ఒకే ఒక్క జాగ్రత్త చెప్పాడు.

“దీనికి ఏం చెయ్యొద్దు. నూనె గీనె ఏం పొయ్యొద్దు. ఊకె ఉండు, అంతే.”

ఏదైనా చెయ్యమంటే చెయ్యగలను. ఊరికే ఉండమంటే నావల్ల ఎక్కడవుతుంది?

దసరా ఇంకా పది రోజులుంది. చెల్లె గుమ్మంలోనే చేతులు చాపింది. నేను ఇవ్వలేదు. మా దుకాణంలో కొత్త పనిముట్టు ఏదొచ్చినా ఆయుధపూజ కానిదే వాడం. పానాకైనా పట్టకారుకైనా పసుపు పడాల్సిందే. అలాంటిది సాక్షాత్తూ ఆయుధమే ఇంటికొస్తే పూజ లేకుండా ఎలా? పోటీ ఇంకా నెల ఉంటే ఆమె నోరెత్తేది కాదేమో గానీ, దసరా దాటగానే పోటీ. “అన్నా, చెయ్యి అలవాటు కావాలె గద” అంది. దసరా మరునాడు పొద్దున్నే ఇస్తానన్నాను. అంత పద్ధతిగా ఉన్నవాణ్ని చూసి అమ్మ కూడా మెచ్చుకుంది.

నిజం చెప్పనా? పద్ధతి పేరు మాత్రమే. ఆ పది రోజులూ తుపాకి నా దుకాణంలో, గల్లాపెట్టె పైన, వచ్చేపోయేవాళ్లకు కనపడేటట్టు ఉంది. మోటార్ కాలిపోయి ఏడుపు ముఖంతో వచ్చిన రైతులు కూడా దాన్ని చూసి ఒక నిమిషం ఏడుపు ఆపేవాళ్లు. ఇది పందులను కొడుతుందా అని అడిగేవాళ్లు. ఇది స్పోర్టింగ్ రైఫిల్, పందులకు దీని విలువ తెలియదు అని చెప్పేవాణ్ని. దాన్ని భుజాన పెట్టుకుని, ఒక కన్ను మూసి ఫొటోలు దిగాను. తర్వాత చెల్లె చూసి చెప్పింది, నేను మూసింది గురిపెట్టాల్సిన కన్నట.

ఇక మా బావ ప్రవేశం. తిమ్మప్ప బావ మా అక్క మొగుడు, మా వీధిలోనే ఉంటాడు. రెండేళ్లు ఒక బ్యాంకు గేటు దగ్గర తుపాకి పట్టుకుని కూర్చున్న అనుభవం ఉంది. ఆ తుపాకి ఎప్పుడూ పేలలేదు. బావ మాత్రం ఇప్పటికీ ఆగలేదు. దసరానాడు, ఆయుధపూజ పొద్దున ఆయన వచ్చి రైఫిల్‌ను అటూ ఇటూ తిప్పి, గొట్టం విరిచి, గాలి వచ్చే సన్నటి రంధ్రంలోకి తొంగిచూసి పెదవి విరిచాడు.

“ఏంది బామ్మర్ది, గిట్ల ఎండబెట్టినవ్? ఆయుధం లోపల తడిగుండాలె. లేకుంటే పోటీ నడుమ పట్టేస్తది.”

అమ్మినాయన నూనె వద్దన్నాడు బావా అని చెప్పాను. అమ్మేవాడు అట్లాగే అంటాడు, చెడిపోతే కదా మళ్లీ కొంటావు అన్నాడు బావ. ఈ తర్కం నాకు బాగా నచ్చింది. మా అమ్మ గానుగ పట్టించిన పల్లి నూనె తెచ్చాను.

“ఎంత పొయ్యాలె బావా?”

“అది తాగినంత.”

అది బాగానే తాగింది. ఆ రంధ్రంలోకి ఒక టీ గ్లాసులో సగం నూనె పోయింది, చుక్క కూడా బయటికి రాలేదు. నాకు ముచ్చటేసింది. తర్వాత గొట్టం పొడుగునా పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, బంతిపూల దండ వేసి, కొబ్బరికాయ కొట్టాను. గొట్టం చివర గురి చూసుకునే ముల్లుంటుంది. దానికి కూడా గంధం అద్దాను. ఒక్క అవయవాన్నీ చిన్నబుచ్చలేదు.

మరునాడు పొద్దున్నే చెల్లె చేతికిచ్చాను. సీసపు గుండ్ల డబ్బా కొనడమే మరిచిపోయాను. అయిజలో దొరకవు. పోటీ దగ్గరే ఇస్తారులే అన్నాను. అంటే ఏమిటంటే, ఆ అమ్మాయి తన తుపాకిని మొదటిసారి కాల్చింది పోటీలోనే.

వనపర్తిలో పెద్ద హాలు. పిల్లలు వరసగా నిలబడ్డారు. వెనక కుర్చీల్లో తల్లిదండ్రులు, నేనూ బావా. ఎవరూ దగ్గడం కూడా లేదు. టిక్, టిక్ అని చిన్న చిన్న చప్పుళ్లు మాత్రం వస్తున్నాయి. శివలీల గుండు పెట్టింది, ఊపిరి బిగబట్టింది, మీట నొక్కింది.

ఢామ్మని పేలింది. పక్క పిల్లలు ముగ్గురు ఉలిక్కిపడి తుపాకులు దించేశారు. గొట్టంలోంచి తెల్లటి పొగ సుడులు తిరుగుతూ లేచి, ఫ్యాన్ గాలికి హాలంతా పరుచుకుంది. దాని వెంట వాసన. అచ్చంగా బజ్జీల బండి వాసన. నా ముందు కూర్చున్న ఒకాయన బండి ఎక్కడుందా అని కిటికీలోంచి చూశాడు కూడా.

పోటీ అధికారి అందర్నీ ఆపి, రైఫిల్ తీసుకుని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

“ఇందుల ఏం పోసిండ్రు?”

చెల్లె వెనక్కి తిరిగి నావైపు చూసింది. నేను కూడా వెనక్కి తిరిగి చూశాను, అక్కడ ఎవరైనా ఉన్నారేమోనని. గోడ ఉంది. బావ అప్పటికే మంచినీళ్లు తాగడానికి బయటికి పోయాడు. లేచి నిలబడ్డాను.

“పల్లి నూనె, సార్.”

“ఎంత?”

“తాగినంత, సార్.”

హాలు హాలంతా నవ్వింది. నవ్వనిది ఒక్కతే. ఆమె చున్నీ కొసతో గురిముల్లు మీద ఎండిపోయిన గంధాన్ని గీకుతోంది.

కోచ్ బతిమాలితే కొనసాగించడానికి ఒప్పుకున్నారు. ఆయన రైఫిళ్లు రెండూ వేరే పిల్లల చేతుల్లో ఉన్నాయి, గడియారం ఆగదు. నలభై గుండ్లు కొట్టాలి. ఒకటి పైకి పోయింది, ఒకటి కిందికి. లోపల గాలి నొక్కుకుపోయిన వేడికి నూనె మండిన ప్రతిసారీ గుండు తన ఇష్టం వచ్చిన దారి పట్టింది. శివలీల ఒక్కసారి కూడా తల తిప్పలేదు. కొట్టింది, విరిచింది, పెట్టింది, కొట్టింది. ముప్పై దాటాక నూనె అయిపోయినట్టుంది, పొగ ఆగింది. చివరి పది గుండ్లూ నల్ల చుక్కలో ఒకే చోట, పావలా బిళ్ల మూసేంత జాగాలో పడ్డాయి.

నాలుగు పాయింట్లతో పోయింది. కోచ్ ఆ చివరి కాగితాన్ని నా చేతికిచ్చాడు. తిట్టలేదు. తిడితే బాగుండేది.

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని, పెట్టెను ఒళ్లో పెట్టుకుంది. బావ ముందు సీటులో నిద్ర నటిస్తున్నాడు. బస్సు వనపర్తి దాటాక అడిగింది.

“అన్నా, ఒక్కటి చెప్పు. పూజ తుపాకికి చేసినవా, నీకు చేస్కున్నవా?”

నేను వంగి పెట్టె తాడు ముడి బిగించాను. ఇన్నేళ్లయినా నేను చెప్పలేదు. చెప్పాల్సిన పని లేదని ఇద్దరికీ తెలుసు.

ఆ తుపాకిని దుకాణం ముసలాయన దగ్గర బాగుచేయించి, చెల్లె చెప్పినట్టు కోచ్‌కే ఇచ్చేశాం. ఇప్పుడు అక్కడి పిల్లలెవరో కొడుతున్నారు. శివలీల నాగర్‌కర్నూల్‌లో లెక్కల టీచరు. రైఫిల్ మళ్లీ పట్టలేదు. నన్ను ఎప్పుడో క్షమించింది. అది నాకు ఇంకా కష్టంగా ఉంటుంది.

బావ మాత్రం ఈ కథను వదల్లేదు. పెళ్లి గానీ, దినం గానీ, నలుగురు కూడితే చాలు, మా బామ్మర్ది తుపాకిల నూనె పోసిండని మొదలుపెట్టేవాడు. ఆయన చెప్పే కథలో ఆయనే నన్ను వద్దు వద్దని చెయ్యి పట్టుకుని ఆపుతాడు, నేనే వినను. ఏడేళ్లు భరించాను. తప్పు నాదే కాబట్టి నోరు మెదిపే హక్కు లేదనుకున్నాను.

మొన్న పెద్దమందడిలో బావ వాళ్ల అన్న మనవరాలిని ఊయలలో వేసే తొట్టెల పండుగ. భోజనాలయ్యాక బావ వక్క నోట్లో వేసుకుని, గొంతు సవరించుకున్నాడు. శివలీల ఆడవాళ్ల మధ్య కూర్చుని పాపను ఆడిస్తోంది. ఆ గొంతు సవరింపు వినగానే ఆమె తల కొంచెం దించుకోవడం చూశాను. ఇన్నేళ్లూ ఈ కథలో నేను నవ్వులపాలవుతున్నానని అనుకున్నాను గానీ, ప్రతిసారీ ఓడిపోతున్నది ఆమె అని అప్పుడు తట్టింది.

“ఆగు బావా, ఈపాలి నేను చెప్త” అన్నాను.

చెప్పాను. చీటీ చదవకపోవడం, పది రోజులు దాచుకోవడం, ఫొటోలు, మూసిన కన్ను, అన్నీ. నా వంతు దాంట్లో రవ్వంత కూడా తగ్గించలేదు. నూనె దగ్గరికొచ్చేసరికి బావ వంతు కూడా తగ్గించలేదు. ఎంత పొయ్యాలె అని నేనడగడం, ఆయన చెప్పిన కొలత, హాలులో పొగ లేవగానే ఆయనకు దాహమేయడం కూడా చెప్పాను. ఆ తర్వాత చివరి పది గుండ్ల గురించి చెప్పాను. ఆ కాగితం నా పర్సులోనే ఉంటుంది. తీసి అందరికీ చూపించాను. ముసలివాళ్లు ఒకరి చేతిలోంచి ఒకరు తీసుకుని ఆ రంధ్రాన్ని వేలితో తడిమారు. కుడిచెయ్యి పైకెత్తి, తొట్టెలోని పసిదాని సాక్షిగా ప్రమాణం కూడా చేశాను: ఊరికే ఉండమన్నచోట ఊరికే ఉంటాను, ఒకరి చేతికందాల్సినదాన్ని పద్ధతి పేరుతో నా గల్లాపెట్టె మీద పెట్టుకోను, పల్లి నూనెను కడాయి దాటనివ్వను.

మా అక్క బావ వైపు తిరిగి, “నువ్వా పొయ్యమన్నది?” అంది, చాలా మెత్తగా. బావకు వక్క అడ్డం పడింది.

ఆ గోలలో శివలీల పాపను పక్కావిడ ఒళ్లో పెట్టి, నా ఎదురుగా వచ్చి కూర్చుంది.

“ఇంకోసారి చెప్పన్నా,” అంది. “బావ నీళ్లకు పోయిన కాడికెల్లి.”