సూర్యుడి పుస్తకంలో నా చీటీలు

మా చిలకలగూడ లైబ్రరీలో ప్రతి ఆదివారం ఎవరో ఒకరు తాము చదివినదాని గురించి పది నిమిషాలు చెప్పాలి. రెండేళ్లుగా సైన్సు అంటే నేనే. పదో తరగతితో చదువు ఆగిపోయింది. చీరలకు ఫాల్స్ కుట్టుకుంటూ, ఎవరూ చెప్పకుండానే ఆ అరలన్నీ చదువుకుని ఇంతదాన్నయ్యాను. ఆ గర్వం నాకుంది.

ఈమధ్య కొత్తగా ఒకావిడ రావడం మొదలుపెట్టాక నా మనసు కుదురు తప్పింది. పోలీసు వైర్‌లెస్‌లో పనిచేసి రిటైరై, కార్ఖానా బస్తీ నుంచి వచ్చేది. రెండో వారానికే లైబ్రేరియన్ ఆమెకు ఫ్యాను కింద కుర్చీ వేశాడు. నాకెప్పుడూ వేయలేదు.

ఆ నెల నేను సూర్యుడి గురించి చెప్పాలనుకున్నాను. అంగారకుడి చుట్టూ తిరిగే అంతరిక్ష నౌక ఒక్కోసారి మనకు సూర్యుడి అవతలికి పోతుంది. అప్పుడు అది పంపే రేడియో సిగ్నల్, సూర్యుణ్ణి చుట్టుకుని ఉన్న కరోనా అనే వేడి పొరలోంచి దూరి మన దాకా రావాలి. దారిలో చెదిరిపోతుంది. ఎంత చెదిరిందో కొలిచి, ఆ పొర ఎంత చిక్కగా ఉందో, ఎంత వేగంగా కదులుతోందో తెలుసుకుంటారు. ఇదంతా ఉన్న పుస్తకం లైబ్రరీలో ఒక్కటే. ఆమె అడుగుతుందని తెలిసే, దాన్ని మళ్లీ మళ్లీ రెన్యువల్ చేయించి నా సంచిలోనే ఉంచుకున్నాను.

ఆదివారం నాడు ఇదంతా చెప్పాను. ముందు వరుసలో ఉన్న పెద్దాయన ఆపాడు.

"సిగ్నలే ఖరాబైనంక దాంతోని ఏం తెలుస్తదమ్మా?"

నేను పుస్తకంలోని పేరానే మళ్లీ అప్పజెప్పాను. ఆయన తల ఊపలేదు.

"జెర నేను చెప్పనా చెల్లె?" అంటూ ఆమె లేచింది. "మెరుపులున్ననాడు మా వైర్‌లెస్ సెట్టుల గరగర ఎక్కువైతుండె సార్. మాట సమజ్ కాకపోయేది. గానీ గా గరగర ఇనే చెప్తుంటిమి, వాన దగ్గరికొచ్చిందా, దూరం పోయిందా అని. గిది సుత గంతే. నౌక మాట పోతే పోయింది, నడుమల ఏమున్నదో గరగర చెప్తది."

"ఇగో, ఇప్పుడు సమజైంది," అన్నాడు పెద్దాయన.

అందరూ ఆమె చుట్టూ చేరారు. నేను మైకు వైరు చుడుతూ నిలబడ్డాను. ఆ పేరాను నేను ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు. ఆమె ఒక్కసారీ చదవలేదు.

వెళ్తూ నా దగ్గరికొచ్చింది. "నాకు గరగర దాకనే తెలుసు చెల్లె, లెక్కలు రావు. గా పుస్తకం ఎప్పుడడిగినా బయటికి పోయిందంటున్నరు."

లైబ్రేరియన్ నా సంచి వైపు చూశాడు.

తీశాను. ఇచ్చేముందు మాత్రం, పేజీల మధ్య నేను రాసి పెట్టుకున్న చీటీలన్నీ ఒక్కొక్కటే లాగి గుప్పిట్లో దాచుకున్నాను. ఆమె ఓపిగ్గా నిలబడింది. తర్వాత పుస్తకం అందుకుని, అక్కడే తెరిచి, ఒక పేజీ దగ్గర ఆగింది.

"గిదొకటి మరిచినవ్," అని నా చీటీ నా చేతిలో పెట్టింది.