దారి మీద పడిన ఉలవలు

మా తాత కాలంలోనే మా ఇల్లు బాప్తిస్మం తీసుకుంది. తర్వాత భూములు, గానుగ, ఎద్దుల కొట్టం ఒక్కొక్కటే పోయాయి. మా ఊరి చర్చిలో ముందు వరస బెంచీ మాత్రం మాకే మిగిలింది. ఆ బెంచీ మీద పెరిగినవాణ్ణి కాబట్టి, అనంతపురంలో బైబిలు కాలేజీలో చేరేటప్పుడు కొత్తగా నేర్చుకోవలసింది పెద్దగా ఉండదనుకున్నాను.

మొదటి నెలలోనే ఆ నమ్మకం సడలింది. తప్పిపోయిన కొడుకు ఇంటికి తిరిగొచ్చిన రోజు వాడి తల్లి ఎక్కడుంది? కానా ఊరి పెళ్లిలో ద్రాక్షారసం అయిపోయిన సంగతి పెళ్లికొడుక్కి తెలుసా? మా మాస్టారు ఇలాంటివి బోర్డు మీద రాసి, జవాబు చెప్పకుండానే చేతికంటిన సుద్ద దులుపుకుని వెళ్లిపోయేవారు. చిన్నప్పటినుంచీ నోటికొచ్చిన కథల్లో నేనెన్నడూ అడగనివి ఇన్ని ఉన్నాయా అనిపించేది. లైబ్రరీలో లావు వ్యాఖ్యానాలు ముందేసుకుని కూర్చుంటే అన్నం గంట కొట్టినా వినపడేది కాదు.

రెండో ఏడు ప్రతి విద్యార్థీ ఒక పల్లె చర్చిలో కొన్ని నెలలు ప్రసంగం చెయ్యాలి. చివర్లో అక్కడి సంఘపెద్ద ఒక కాగితం మీద సంతకం పెట్టాలి. అది లేకపోతే మూడో ఏడు లేదు. నాకు యాడికి మండలంలో ఒక చిన్న ఊరు వచ్చింది. రేకుల కప్పు, నేల మీద చాపలు, బెంచీలే లేవు. అందరూ మెట్టసేద్యం వాళ్లు. సంఘపెద్ద డెబ్బై దాటిన రైతు.

చివరి ప్రసంగానికి విత్తువాని ఉపమానం ఎంచుకున్నాను. కొన్ని గింజలు దారి పక్కన, కొన్ని రాతినేల మీద, కొన్ని ముళ్లపొదల్లో, కొన్ని మంచి నేలలో పడిన కథ. ఆరు పేజీలు రాసుకున్నాను. రెండో పేజీలో ఉండగానే సంఘపెద్ద చెయ్యెత్తాడు. ప్రసంగం మధ్యలో ఆపి అడగడం ఆ ఊళ్లో అలవాటు.

"ఏమప్పా, దావ మింద ఇత్తనం పోసే రైతు యాడన్నా ఉంటాడా? దావ ఏదో చేను ఏదో ఎద్దులకు గూడా తెలుసు గదా."

చాపల మీద నవ్వులు లేచాయి. దీనికి జవాబు నేను చదివే వచ్చాను. ఆ దేశంలో ముందు గింజలు చల్లి తర్వాత దున్నేవారని చెప్పాను.

"పుస్తకంలో ఉండాదా?"

"ఉంది."

"నువ్వెప్పుడన్నా ఇత్తనమేసినావా?"

వెయ్యలేదు. విత్తే రోజు గట్టు మీద నిలబడి చూసిన జ్ఞాపకం ఉంది, అంతే. ఆ మాట దాటేసి, "మా ఇంట్లో విత్తడానికి ఏడు గొర్లు కట్టేవాళ్లు" అన్నాను.

"గొర్లు కట్టినారు, సరే. వాటెనకాల నువ్వు నడిచినావా అని నేనడిగేది."

ఎలాగో ముగించి కాగితం ఆయన ముందు పెట్టాను. ఆయన దాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"వచ్చే ఆదివారం ఇదే చెప్పు. దావ మింద ఏంటికి పోసినాడో తెలుసుకోని రా. అప్పుడు చూస్తాం."

రెండు రోజులు కోపంతో గడిచాయి. మూడో రోజుకి కాగితం సంగతి వెనక్కి పోయి ప్రశ్నే మిగిలింది. నిజంగా ఎందుకు పోశాడు? వ్యాఖ్యానాలన్నీ మళ్లీ తీశాను. మాస్టారిని అడిగితే, "ఈ పుస్తకాలు రాసినవాళ్లలో రైతులు తక్కువ" అన్నారు.

గురువారం వాన పడింది. ఆ ఏడు అదే మొదటి గట్టి వాన. అప్పటికి శెనక్కాయకు అదును దాటిపోయింది. శనివారమే బస్సెక్కి ఆ ఊరు చేరాను. చర్చి పక్క చేలో సంఘపెద్ద అక్క కనబడింది. ఊరంతా ఆమెను పెద్దక్క అంటారు. కొంగులో ఉలవలు కట్టుకుని చల్లుతోంది. గొర్రు లేదు, సాలు లేదు. గింజలు గట్టు మీదా, రాళ్ల మధ్యా, బండ్లు పోయే దారి మీదా పడుతున్నాయి.

నేను ఆ దారిలోనే నిలబడిపోయాను.

"పెద్దక్కా, దారి మీద కూడా పోస్తున్నావే?"

"పోసేది కాదప్పా, పడేది. శెనక్కాయ అయితే గింజ గింజా చూసుకోని ఏస్తాం. అదును పోయినాక మాకు మిగిలేది ఉలవే. తేమ ఆరేలోపల చేనంతా తిరగల్ల. ఈడ రాయి, ఆడ దావ అని చెయ్యి ఆపుకుంటా ఉంటే పొద్దు పోతాది."

"మరి అక్కడ పడినవి?"

"పిట్టలు తింటాయి. తిననీ. నిలబడి చూస్తాండావేంటికి? గట్టు మింద ఉలవలుండే ఆ తువ్వాలన్నా పట్టు."

తువ్వాలు పట్టాను. నా మొదటి గుప్పెడు ఒకేచోట కుప్పగా పడింది.

"పెద్దింటోళ్ల చెయ్యి అట్లే మూసుకోని ఉంటాదేమో. వేళ్లు వదులప్పా."

చేను సగమయ్యేసరికి నా గింజలు కూడా దారి మీద పడ్డాయి.

ఆదివారం ఆ ఆరు పేజీలు సంచిలోనే ఉంచాను. లేచి నిలబడి మొదలుపెట్టాను. "పోయిన వారం అడిగినదానికి జవాబు అప్పుడు నాకు తెలియదు. నేనెప్పుడూ విత్తనం వేసినవాణ్ణి కాను. నిన్న పెద్దక్క నేర్పింది." పెద్దక్క తల వంచుకుని కొంగు సర్దుకుంది. ఈ కథలో రైతుకు తెలివి లేదని అనుకున్నాం గానీ, అదును పోయాక కూడా గింజలు పట్టుకుని బయల్దేరిన మనిషేమో అన్నాను. ఈసారి ఎవరూ నవ్వలేదు.

సంఘపెద్ద చివరిదాకా విని అడిగాడు.

"ఇంగొకటి. రాతినేల మింద మొలిచినవి ఎండకు మాడిపోయినాయంటాండావు. మా నేలంతా అదే గదా. ఆ నాలుగు దినాల్లో వాన పడింటే?"

చదివిన వివరణలు గుర్తు చేసుకున్నాను. ఒక్కదాంట్లోనూ వాన లేదు.

"తెలియదు పెద్దాయనా."

ఆయన జేబులోంచి కాగితం తీసి, మోకాలి మీద పరిచి సంతకం పెట్టాడు. "తెలిస్తే వచ్చి చెప్పు" అన్నాడు.

సోమవారం మాస్టారి కంటే ముందు క్లాసుకు వెళ్లి, ఆ ప్రశ్న బోర్డు మీద రాశాను.