ఒక్క పియానో చాలన్న బావ

కార్ఖానాలో ఆయన్ని అందరూ పియానో బావ అనేవారు. నిజానికి ఆయన బావయ్యేది ఒక్క చిన్నోడికే. పనిలో చేరిన మొదటిరోజు చిన్నోడు తలెత్తి, పైన క్రేనులో కూర్చున్న అక్కమొగుణ్ని "బావా!" అని కేకేశాడు. షెడ్డంతా ఆ పిలుపు అందుకుంది. అప్పట్నుంచీ ఫోర్‌మన్‌తో సహా, తనకంటే పెద్దవాళ్లకి కూడా ఆయన బావే అయిపోయాడు. చిన్నోడికి ముప్పై దాటి, చెవుల పక్కన నెరిసినా అతను మాత్రం చిన్నోడుగానే మిగిలిపోయాడు.

అది ఇనుము పోతపోసే కార్ఖానా. షెడ్డు కప్పు కింద ఈ గోడనుంచి ఆ గోడదాకా పట్టాల మీద నడిచే క్రేను ఒకటుండేది. దానికి వేలాడే గాజుగదిలో కూర్చుని బావ కరిగిన ఇనుము నిండిన బొక్కెనను, నిద్రపోతున్న చంటిపిల్లను ఎత్తుకెళ్లినంత నెమ్మదిగా తీసుకెళ్లేవాడు. కింద చిన్నోడు బరువులకు గొలుసులు తగిలించి చేత్తో సైగలు చేసేవాడు. బావ చూపు చేరని మూలల్లో మాత్రం మెడలోని ఈలే దిక్కు. పొడుగ్గా ఊదితే ఎక్కడి బరువు అక్కడ ఆగిపోవాలి.

పియానో పిచ్చి బావకి సామాన్లు మోసే రోజుల్లో పట్టుకుంది. పెళ్లికాకముందు, మరో ముగ్గురితో కలిసి ఒక సంగీత సభాభవనానికి పియానో మోసుకెళ్లాడట. మెట్ల మలుపులో బరువంతా తన భుజం మీదే పడి, ప్రాణాలు కళ్లలోకొచ్చాయట. పైకి చేర్చి గోడకు జారబడి ఆయాసపడుతుంటే, ఎవరో దాని ముందు కూర్చున్నారు. వెనక వయొలిన్లూ వేణువులూ బాకాలూ అందుకున్నాయి. తతిమ్మా ముగ్గురూ టీ తాగడానికి పోయినా బావ కదల్లేదు. తను మోసిన ఆ నల్లటి మొద్దు అంతమందితో తలపడి, అందర్నీ వెంటేసుకుని, మళ్లీ వాళ్లలో కలిసిపోవడం వింటూ నోరు తెరుచుకుని ఉండిపోయాడు.

అందుకే ఆయనకి పియానో అంటే ఆర్కెస్ట్రాతో కూడిన పియానోనే. పాత రికార్డు ప్లేయరొకటి సంపాదించి, ఆదివారం మధ్యాహ్నం ముందుగదిలో అదే పెట్టేవాడు. చిన్నోడి రుచి వేరు. బావ దగ్గరే విని నేర్చుకున్నా, అతనికి ఒంటి పియానోనే ఇష్టం.

"ఒక్కడే కూర్చుని మనతో మాట్లాడుతున్నట్టుంటుంది బావా. నీ రికార్డులేమో సంతలో మాట్లాడుకున్నట్టుంటాయి."

"ఒంటిగా వాయించేవాడికి భయమేముందిరా? వందమంది మధ్య తన గొంతు నిలబెట్టుకున్నోడే మొనగాడు."

అక్క కుట్టుమిషను ఆపకుండానే అనేది, "ఇద్దరి నోళ్లూ మూతపడితే, ఆ వాయించేవాడేమంటున్నాడో నేనూ వింటాను."

ఇలా ఏళ్లు గడిచాయి. ఒక ఎండాకాలం ఆదివారం చిన్నోడు వెళ్లేసరికి ఒంటి పియానో రికార్డు తిరుగుతోంది. ఆ మరుసటి ఆదివారమూ అదే. చిన్నోడు గడప మీదే నిలబడి నవ్వాడు.

"ఏంటి బావా, ఓడిపోయానని ఒప్పుకున్నట్టేనా?"

"వయసు మీద పడింది కదరా. గోల భరించలేకపోతున్నాను. ఒక్క పియానో చాలు."

చిన్నోడు పొంగిపోయాడు. ఇన్నాళ్ల వాదన గెలిచానని మర్నాడు షెడ్డులో టముకు వేశాడు. వంటగదిలో అక్క మాత్రం గొంతు తగ్గించి వేరే మాట చెప్పింది.

"తమ్ముడూ, మీ బావ తీరు నాకేం నచ్చట్లేదు. కుక్కరు కూత వేస్తే దించమని చెప్పి కొట్టుకెళ్లాను. వచ్చేసరికి అది కూసి కూసి, అడుగంటి, ఇల్లంతా పొగ. ఈయన పక్కనే పేపరు చదువుకుంటున్నారు. కూత వేయనేలేదని నాతోనే వాదన."

"పరధ్యానం అక్కా. పేపరు పట్టుకుంటే అంతే కదా."

ఆ మాట అన్నాడేగానీ, కుక్కరు సంగతి అతను మరిచిపోలేదు. వారం తిరక్కుండానే షెడ్డులో మూల వైపు వెళ్లిన ఒక బరువు, ఈల ఊదాక కూడా ఇంకో జానెడు కిందికి దిగి ఆగింది. జానెడే. ఎవరూ పట్టించుకోలేదు. చిన్నోడు మాత్రం తల పైకెత్తాడు. గాజుగదిలోంచి బావ చెయ్యి ఊపాడు, ఏమీ జరగనట్టు.

ఆ తర్వాతి ఆదివారం చిన్నోడు తనే రికార్డు ఎంచాడు. బావకి ఒకప్పుడు ప్రాణంతో సమానమైనది, ఆర్కెస్ట్రాతో ఉన్నది.

"అదెందుకురా ఇప్పుడు?"

"ఓడినవాళ్ల పాట ఒకసారి విందామని."

బావ కళ్లు మూసుకుని కూర్చున్నాడు. పియానో మోగుతున్నంతసేపూ ఆయన వేలు కుర్చీ చేతి మీద సరిగ్గానే ఆడింది. నడిమిభాగంలో పియానో ఆగింది. వయొలిన్లు మాత్రం పై స్థాయిలో, సన్నగా, దారం తీస్తున్నట్టు సాగుతున్నాయి. బావ వేలు ఆగింది. తర్వాత కళ్లు తెరిచి, లేచి, రికార్డు తిరగెయ్యడానికి చెయ్యి చాచాడు.

కుట్టుమిషను చప్పుడు ఠక్కున ఆగిపోయింది. అక్కా తమ్ముడూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. గదిలో వయొలిన్లు ఇంకా మోగుతూనే ఉన్నాయి.

ముల్లు ఇంకా రికార్డు నడుమనే ఉండటం చూసి బావ చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "దుమ్ము పట్టిందేమో చూద్దామని," అన్నాడు ఎవరూ అడక్కుండానే.

సాయంత్రం బావ వీధి చివరిదాకా తోడొచ్చినప్పుడు చిన్నోడు ధైర్యం చేశాడు. "బావా, చెవులు చూపించుకో. నీ కింద తిరిగేది మేం."

బావ మొహం గంటు పెట్టుకున్నాడు. "నా చెవులకి నువ్వు కాపలానా? ఇరవయ్యేళ్లలో ఒక్కడికి గోరైనా ఊడిందా నా క్రేను కింద?"

"ఊడలేదు కాబట్టే అడుగుతున్నా."

నాలుగు రోజులు బావ అతనితో మాట్లాడలేదు. ఐదోరోజు గేటు దగ్గర తనే భుజం మీద చెయ్యేశాడు. "చూపించుకున్నాన్లేరా. చెవిలో గుబిలి కట్టిందట, తీసేశారు. నీకూ మీ అక్కకీ అనుమానం పెనుభూతం."

చిన్నోడు నమ్మాడు. నమ్మకపోతే ఫోర్‌మన్ దగ్గరికెళ్లాలి. వెళితే అక్క సంసారం ఏమవుతుందో అతనికి తెలుసు. నమ్మడమే తేలికనిపించింది. అయినా ఆ తర్వాత బరువు కింద నడిచేటప్పుడు మెడ వెనక ఎవరో ఊపిరి వదులుతున్నట్టుండేది.

అది జరిగింది ఒక ఉదయం, పని మొదలైన కాసేపటికే. అచ్చుపెట్టె ఒకటి, నలుగురు కూడా కదపలేనిది, కొలిమి వెనక మూలకి దిగుతోంది. బావకి ఆ మూల కనపడదు. చిన్నోడు బావకి కనపడే చోట నిలబడి దించమని సైగ చేసి, మూలకొచ్చాడు. అప్పుడు చూశాడు, అచ్చులు కట్టే ముసలి మేస్త్రి పెట్టె దిగాల్సిన చోటే మోకాళ్ల మీద వంగి, జారిపడ్డ కళ్లజోడు తడుముకుంటున్నాడు.

చిన్నోడు ఈల ఊదాడు. పెట్టె దిగుతూనే ఉంది. ఊపిరంతా పోసి మళ్లీ ఊదాడు. షెడ్డులో అందరూ తిరిగి చూశారు. ఆ పెట్టె మాత్రం తొందరేం లేనట్టు, చాలా మర్యాదగా, కిందికి వస్తూనే ఉంది. ఈల వదిలేసి పరిగెత్తాడు. మేస్త్రి కాలరు పట్టుకుని అవతలికి ఈడ్చాడు. తన ఎడమ పాదాన్ని మాత్రం పూర్తిగా లాక్కోలేకపోయాడు.

షెడ్డులోని మొహాలన్నీ ఒక్కసారిగా పైకి తిరిగితే గానీ బావకి తెలియలేదు. అప్పుడు ఆగింది క్రేను.

నిచ్చెన దిగి వచ్చేసరికి ఫోర్‌మన్ చిన్నోడి మీద విరుచుకుపడుతున్నాడు. "ఈల ఊదకుండా ఏం చేస్తున్నావు?"

"ఊదాడు," అన్నాడు బావ. ఆయన మొహం తెల్లకాగితంలా ఉంది. "నాకే వినపడలేదు."

"ఈ రొదలో ఎవరికైనా ఒకోసారి..."

"ఒకోసారి కాదు. ఏడాదిగా నాకు ఈల వినపడటం లేదు."

ఫోర్‌మన్ చిన్నోణ్ని వదిలి ఆయన వైపు తిరిగాడు. "మరి ఎలా నడిపావయ్యా ఇన్నాళ్లూ?"

"వీళ్ల మొహాలు చూసి."

ఆసుపత్రిలో చిన్నోడికి ఎడమకాలి వేళ్లు రెండు తీసేశారు. అక్క మంచం పక్కన కూర్చుని మొగుడి వైపు కన్నెత్తయినా చూడలేదు. చివరికి గోడతో చెబుతున్నట్టు అంది, "డాక్టరు దగ్గరికి వెళ్లానన్నారు."

"గుమ్మందాకా వెళ్లాను," అన్నాడు బావ. "లోపలికెళ్తే ఇక పైకెక్కనివ్వరని తిరిగొచ్చేశాను." తర్వాత చిన్నోడి వైపు తిరిగాడు. "ఆర్కెస్ట్రా రికార్డులన్నీ నాకు కంఠతా కదరా. ఎక్కడ ఎవరు రావాలో తెలుసు. వాళ్లు రాకపోతుంటే... పళ్లూడిన నోటిలా ఉండేది. ఒంటి పియానో నేను పెద్దగా విన్నది కాదు. అందులో ఏది పోయిందో నాకు తెలియదు. అందుకని హాయిగా ఉండేది."

చిన్నోడికి కోపం రావాల్సింది. కట్టు కింద లేని వేళ్లు సలుపుతుంటే, వాదన గెలిచానని షెడ్డంతా చెప్పుకున్న రోజు గుర్తొచ్చి సిగ్గేసింది. "పడుకుంటాను బావా," అన్నాడు.

పరీక్షించిన డాక్టరు కొలిమి రొదే చెవుల్ని తినేసిందన్నాడు. పోయింది రాదు. ఉన్నదైనా నిలవాలంటే ఆ షెడ్డుకి దూరంగా ఉండాలి. బావని బయట, అచ్చుల ఇసుక జల్లించే చోటికి మార్చారు. పైన ఇంకొకతను ఎక్కాడు. కుంటుకుంటూనైనా చిన్నోడు మళ్లీ గొలుసుల పనిలోకే వెళ్లాడు.

ఒకనాడు అన్నం వడ్డిస్తూ అక్క అతని వెనకనుంచి అడిగింది, "నువ్వు కూడా చూపించుకోవచ్చు కదరా?"

చిన్నోడు తింటూనే ఉన్నాడు.

అక్క గరిటె అలాగే పట్టుకుని నిలబడిపోయింది. ముందుకొచ్చి మళ్లీ అడిగితే, "ఏంటక్కా?" అన్నాడు.

మర్నాడు పనికి పోనివ్వకుండా చెయ్యి పట్టుకుని లాక్కెళ్లింది. బావ కూడా వెంట వెళ్లాడు. లోపల చెవులకు యంత్రం తగిలించి, మోత వినపడ్డప్పుడల్లా మీట నొక్కమన్నారు. చాలాసేపు నొక్కడానికి ఏమీ లేక చిన్నోడు వేలు మీట మీదే పెట్టుకుని కూర్చున్నాడు. పైస్థాయి మోతలు వినడంలో అరుగుదల మొదలైందన్నారు.

బయట బల్ల మీద బావ మోకాళ్ల మధ్య చేతులు బిగించి కూర్చున్నాడు. తలుపు తెరుచుకోగానే లేచాడు. ఏమన్నారని అడగలేదు. అతని మొహం వైపే చూశాడు.