తల్లిని చూడని బేరం

మా బావ కాశీనాథ్ సాయంత్రం కాగానే స్కూటర్ తీస్తాడు. పటాన్‌చెరులో ఆయనది పప్పుల హోల్‌సేల్ దుకాణం. దీపాలు పెట్టే వేళకు గల్లా వదిలి వెళ్లే వ్యాపారిని ఎవరైనా చూశారా? ఈయన వెళ్తున్నాడు. స్కూటర్ ముందు ఒక బుట్ట పెట్టుకుని ముత్తంగి గోదాముల వెనక సందులూ, భానూర్ దారిలో రేకుల షెడ్లూ, మూతబడ్డ కంపెనీల ప్రహరీలూ అన్నీ తిరుగుతున్నాడు. బండి ఆపి గోడ పక్కన చెవి పెట్టి నిలబడతాడు. కాశీనాథ్ సేటు భూములు చూస్తున్నాడని బజారంతా పుకారు. ఇద్దరు బ్రోకర్లు నన్ను పట్టుకుని, మీ బావకు ఏ సర్వే నంబరు మీద కన్నుందో చెప్పమని బతిమాలారు కూడా. వాళ్లకేం చెప్పను? ఆయన వెతికేది ఒక ఆడకుక్కను.

బామ్మర్దిని కాబట్టి ఆయన్ను నాలుగు మాటలనే హక్కు నాకుంది. బావ ఎవర్నీ ఊరికే నమ్మడు. కంది బస్తా వస్తే పైగింజ చూడడు, మోచేతి దాకా చెయ్యి దించి అడుగు గింజ తీసి పంటి కింద వేసుకుంటాడు. పుచ్చకాయ కొనాలంటే బజారులోని కాయలన్నీ తట్టి మళ్లీ మొదటి బండి దగ్గరికే వస్తాడు. మా అక్క సరస్వతిని చూడ్డానికి జోగిపేట వచ్చినప్పుడైతే అక్కతో ఒక్క మాటా మాట్లాడలేదు. మా అమ్మను ఎదురుగా కూర్చోబెట్టి ఆమె కోపం, మోకాళ్ల నొప్పి, కూరలో వేసే ఉప్పు దాకా ఆరా తీశాడు. ఇదేం చూపులయ్యా అంటే, "తల్లిని చూసి పిల్లను, పాడిని చూసి బర్రెను అన్నరు గద" అన్నాడు. మా అమ్మ పోయేదాకా ఆ మాట తలుచుకుని నవ్వేది.

అలాంటి మనిషి కుక్కపిల్లను ఫోన్‌లో కొన్నాడు.

నా మేనకోడలు పూజ ఏడో తరగతి. లాబ్రడార్ పిల్ల కావాలని ఏడాదిగా ఇల్లు పీకి పందిరేస్తోంది. ఇప్పుడు పప్పుల బేరాలన్నీ ఫోన్‌లోనే కదా. సాంపిల్ ఫొటో వస్తుంది, మాట ఖాయమవుతుంది, లారీ గోదాము ముందు ఆగుతుంది. బావ కుక్కపిల్లనూ ఆ దారిలోనే తెప్పించాడు. వీడియో చూశాడు, బేరమాడి బాగా దించాడు. తల్లిని చూస్తానని అడగకపోలేదు. బయటివాళ్లు వస్తే పిల్లలకు రోగాలంటుకుంటాయి, రానివ్వం, అది మా రూలు అన్నాడట అమ్మేవాడు. ఎంత శుభ్రమైన మనిషో అని మురిసిపోయాడు బావ. బేరం గెలిచిన సంబరంలో ఉన్నవాడికి ఏం చెప్పినా తియ్యగానే ఉంటుంది.

ముత్తంగి జంక్షన్ దగ్గర ఒక కారు ఆగింది. అందులోంచి ఒక చెయ్యి అట్టపెట్టె అందించింది. ఇంజను కూడా ఆపలేదు. పూజ బుట్టలో అక్క పాత శాలువా పరిచి పిల్లను పడుకోబెట్టుకుని, లడ్డు అని పేరు పెట్టింది. వారం దాటకుండానే లడ్డుకు వాంతులు, నెత్తురు విరేచనాలు. పశువుల డాక్టరు నోరు తెరిచి పళ్లు చూసి, దీనికి నెల నిండి ఉంటే గొప్ప, రెండు నెలలు నిండేదాకా తల్లి దగ్గరుండాల్సింది, టీకా వేశామన్నది అబద్ధం, ఇది పార్వో అనే అంటురోగం అన్నాడు. సెలైన్లు ఎక్కించినా నిలవలేదు. శాలువాలోనే పోయింది. పూజ ఏడవలేదు, ఎవరితోనూ మాట్లాడలేదు. ఏడిస్తే బాగుండునని అక్క ఏడ్చింది. శాలువా ఉతుకుతానంటే మాత్రం పూజ బుట్టను పట్టుకుని వదల్లేదు.

బావ అమ్మినవాడి మీద ఫోన్‌లో ఎగిరాడు. వాడు చల్లగా, "పరేషాన్ గాకు సేట్, పిల్లను మార్చిస్త" అన్నాడు. అంతే, బావ కోపం దిగిపోయింది. పుచ్చిన బస్తా వాపసు తీసుకుని మంచిది ఇచ్చేవాడిని మా వ్యాపారాల్లో పెద్దమనిషి అంటారు. ఈ రోగం నేలలో నెలల తరబడి ఉంటుంది, ఆ ఇంట్లోకి ఇప్పుడప్పుడే ఇంకో పిల్లను తేవద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. అయితే కొన్నాళ్లు మీ ఇంట్లో ఉంచుదామని బావ నా మెడకు చుట్టాడు. రావాల్సింది వదులుకోవడం ఆయన ఒంట్లోనే లేదు. కాకపోతే ఈసారి తానే వెళ్లి ఏరుకుంటానన్నాడు. బయల్దేరుతుంటే పూజ బుట్ట తెచ్చి ఇచ్చింది. లడ్డు పోయాక నోరు విప్పింది అప్పుడే.

"ఈసారన్నా వాళ్ల అమ్మను చూసి రా డాడీ" అంది. బుట్టలో శాలువా అలాగే ఉంది. తీసెయ్యమనే ధైర్యం మాకు లేకపోయింది.

మూతబడ్డ ఒక కంపెనీ వెనక రేకుల షెడ్డు అది. పిల్లలను గేటు దగ్గరికే తెస్తానన్నాడు వాడు. బావ వినకుండా లోపలికి నడిచాడు, వెనక నేను. ముక్కు పగిలే వాసన. ఇనుప గూళ్లు ఒకదాని మీద ఒకటి. వాటిలో రొమ్ములు వేలాడుతున్న ఆడకుక్కలు. కొన్నింటికి మొరిగే ఓపిక కూడా లేదు. లడ్డు తల్లి ఏదని అడిగితే, వాడు చివరి గూడు చూపించి తలుపు తీశాడు. ఒక చెవి చిరిగిన పసుపు రంగు కుక్క మెల్లగా దిగింది. మమ్మల్ని చూడలేదు. నేరుగా వచ్చి బావ చేతిలోని బుట్టలో తల పెట్టింది. శాలువాను ముక్కుతో ఎత్తింది. పంజాతో గీరింది. మడతలు విప్పుకుంటూ అడుగుదాకా వెతికింది. తలెత్తి బావ ముఖం చూసి, మళ్లీ మొదట్నుంచీ వెతకడం మొదలుపెట్టింది.

ఏది కావాలో తీసుకోమని వాడు అంటూనే ఉన్నాడు. బావ ఏదీ తీసుకోలేదు. శాలువాను దాని నోట్లోంచి మెల్లగా విడిపించి, బుట్ట పట్టుకుని బయటికొచ్చేశాడు. ఇంటి దగ్గర పూజ అడిగితే, వాళ్లమ్మ అక్కడ లేదన్నాడు. అన్నాక నా ముఖం చూడలేకపోయాడు.

ఆ అబద్ధం ఆయన్ను ఒకచోట కూర్చోనివ్వలేదు. కంచం ముందు కూర్చుని రెండు ముద్దలకే లేచేవాడు. తూకం వేస్తూ వేస్తూ ఏ పప్పో మరిచిపోయేవాడు. ఫిర్యాదు ఇచ్చాడు, చెప్పులరిగేలా తిరిగాడు. తీరా అధికారులను వెంటబెట్టుకుని వెళ్లేసరికి షెడ్డులో నేల మీద గూళ్ల మరకలు తప్ప ఏమీ లేవు. వాడి ఫోన్ పలకడం లేదు. తట్టాబుట్టా సర్దుకుని ఎటు పోయాడో ఎవరికీ తెలియదు.

ఇక డాక్టరే చెప్పాడు, సంగారెడ్డిలో చంద్రిక అని ఒకావిడ ఉంది, పిల్ల కావాలంటే ఆమె దగ్గరికి వెళ్లమని. పూజను తీసుకుని వెళ్లాం. ఆవిడ ఇంట్లోనే కుట్టు నేర్పుతుంది. కుట్టుమిషన్ల మధ్య గౌరి అనే లాబ్రడార్ కాళ్లు చాపుకుని ఇంటి మనిషిలా పడుకుని ఉంది. మేం అడగాల్సినవన్నీ ఆవిడే అడిగింది. పగలు ఇంట్లో ఎవరుంటారు, గోదాముకు కాపలా అని కట్టేస్తారా, పోయిన పిల్ల ఎలా పోయింది అని. ఊరందరినీ ఆరా తీసే మా బావ చేతులు కట్టుకుని జవాబులు చెప్పాడు. చివరికి పిల్లలేమో లేవట. గౌరికి ఈ ఏడు విశ్రాంతి. వచ్చే ఏడు, అదీ మా ఇల్లు చూశాకే ఇస్తానంది. ఎప్పుడైనా పెంచలేకపోతే ఎవరికీ అమ్మొద్దు, నాకే తెచ్చివ్వండి అంది. సరుకు లేదని ఇంత నిమ్మళంగా చెప్పే మనిషిని బావ ఎన్నడూ చూసి ఉండడు.

ఆ మాటల్లో ఉండగానే గౌరి లేచి వెళ్లి పూజ ఒడిలో తల పెట్టింది. పూజ దాని చెవులు నిమురుతోంది. బావ చూసి చూసి ఉండబట్టలేకపోయాడు.

"బిడ్డా, నేను నీకు అబద్ధం చెప్పిన. లడ్డు వాళ్ల అమ్మను చూసిన. ఆ శాలువల లడ్డు కోసమే దేవులాడింది పాపం. వాడు ఏదన్న తీస్కో అన్నడు. నాకు చేతులు రాలే."

పూజ చెయ్యి ఆగిపోయింది.

"ఏదన్న తీస్కో అన్నడు గద డాడీ" అంది. "మరి ఆమెను ఎందుకు తోల్కరాలే?"

 కరివేపాకు కొసరు పెట్టందే కూరగాయల బండిని కదలనివ్వని మనిషి మా బావ. గూడు తలుపు తెరిచే ఉంది. బుట్ట చేతిలోనే ఉంది. వాడు ఒప్పుకునేవాడో లేదో, అడిగితే కదా తెలిసేది. ఆ ఒక్కమాట ఆయనకు తోచలేదు, పక్కన నిలబడ్డ నాకూ తోచలేదు. పూజ ఏడ్చింది. లడ్డు పోయినప్పటి ఏడుపు కూడా కలిపి ఏడ్చింది. వచ్చే ఏడు పిల్ల కోసం మా పేరు గుర్తుంచుకుంటానని చంద్రిక అంటే తల అడ్డంగా ఊపింది. ముందు లడ్డు వాళ్లమ్మ దొరకాలంది.

అప్పట్నుంచీ సాయంత్రం కాగానే స్కూటర్. వాడు వ్యాపారం మానుకునే రకం కాదని, ఈ కంపెనీల వెనకే ఎక్కడో ఇంకో షెడ్డు పెట్టి ఉంటాడని బావ నమ్మకం. పూజ గేటు దాకా వచ్చి బుట్ట అందిస్తుంది, శాలువాతో సహా. వద్దని అక్క కూడా అనడం లేదు.

నిన్న ఒక ప్రహరీ వెనక నుంచి కుక్కల అరుపులు వినిపించాయట. చీకటి పడ్డాక ఏమీ కనిపించలేదని, ఈరోజు వెలుతురుండగానే వెళ్దామని పొద్దున్నుంచీ ఫోన్ మీద ఫోన్. ఆ చిరిగిన చెవిని చూసినవాళ్లం మేమిద్దరమే కదా. గోదాములో పని అలాగే వదిలేసి, బుట్ట ఒళ్లో పెట్టుకుని స్కూటర్ వెనక కూర్చున్నాను.